ఎర్ర ఊలు కట్టిన గిన్నె

గిన్నెడు సూపూ మంచులో పారబోసి నొయెమి వెనక్కి తిరిగేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది.

పొగలు కక్కుతున్న బఠాణీ సూపు మంచులో పచ్చటి గుంట చేసుకుని కిందికి దిగిపోయింది. పంది ఎముక ఒక్కటే పైన మిగిలింది.

"అయిందా?" అంది ఒడెట్.

"అయింది."

"పొద్దున్నించీ ఉడికిన సూపమ్మా అది. రోడ్డు మూసుకుపోయి, కొట్టుకెళ్లే దారిలేక, ఉన్నదాంతోనే ఎలాగో నెట్టుకొస్తుంటే, నువ్వేమో తీసుకెళ్లి మంచుకి తాగిస్తున్నావు."

"మీ గరిటె నా గిన్నెలో పెట్టారత్తయ్యా. కళ్లారా చూశాను. పెద్ద గిన్నెలో బార్లీ సూపు కలిపిన గరిటె, కడక్కుండా తెచ్చి దీంట్లో తిప్పారు."

"అడుగంటుతోందని ఒక్కసారి తిప్పాను. మాడిపోతుంటే చూస్తూ కూర్చోనా?"

"మాడిపోనివ్వండి. మాడింది తింటాను. ఆ గరిటె మాత్రం వద్దు."

"తలుపెయ్యండర్రా, పోట్లాట లోపలికొచ్చి పెట్టుకోండి. ఉన్న వేడంతా బయటికి పోతోంది," అని పొయ్యి పక్కనుంచి మామగారు అర్మాన్ కేకేశాడు.

ఇద్దరూ లోపలికొచ్చారు. నొయెమి ఖాళీ గిన్నెని గట్టుమీద పెట్టింది. నల్లటి ఇనప గిన్నె, బరువైనది, మూత కూడా ఇనపదే. దాని పిడికి ఎర్ర ఊలు దారం ముడివేసి ఉంది. నవంబరులో ఆమె ఈ ఇంటికి వచ్చిననాడు ఒడెట్ స్వయంగా కట్టిన ముడి అది. 'ఇది నీదమ్మా, ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోరు' అని చెప్పి మరీ ఇచ్చింది. ఆ మాటకి అప్పుడు నొయెమికి కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు ఆ ముడి చూస్తే ఒళ్లు మండుతోంది.

మండదా మరి. నిన్న క్లినిక్ నుంచి డాక్టరమ్మ ఫోను చేసింది. తగ్గుతుందనుకున్న రక్తపరీక్ష అంకె తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. "ఎక్కడో గోధుమ తింటున్నావమ్మా," అంది ఆవిడ. తినడం లేదని నొయెమి ఒట్టేసింది. "అయితే నీకు తెలియకుండా లోపలికి పోతోంది. నీ పేగులు మానకపోతే నువ్వు తిన్నది బిడ్డకి అందదు. కిందటిసారి ఏమైందో నీకు గుర్తుందిగా," అని ఆవిడ ఫోను పెట్టేసింది.

గుర్తులేకపోవడమేమిటి. కిందటి వసంతంలో పోయిన బిడ్డ గుర్తులేని రోజంటూ ఉందా. ఆ తరువాతే కదా ఈ జబ్బు సంగతి బయటపడింది. గోధుమ, బార్లీ, రై, వాటిలో ఉండే గ్లూటెన్ ఆమె ఒంటికి విషం. రవ్వంతైనా పడదు. ఇప్పుడు మళ్లీ అయిదో నెల. మాంట్రియల్‌లో ఒంటరిగా ఉంటే విశ్రాంతి దొరకదని, చలికాలం అత్తారింట్లో గడిపేద్దామని మొగుడు రెమీ తీసుకొచ్చాడు. లాక్ సాన్ జాన్ సరస్సు ఒడ్డున, ఊరికి దూరంగా, పాల ఆవుల మధ్య ఉన్న ఇల్లు. మంచు తుఫాను వచ్చాక అది ఇల్లు కాదు, మూతపెట్టిన డబ్బా.

రెమీ పాలకొట్టం నుంచి వచ్చాడు. బూట్లు విప్పుతూ ఎవరి మొహమూ చూడలేదు.

"పాలబండి రాలేదు. ట్యాంకు నిండిపోయింది. కాలవలోకి వదిలేశాను," అన్నాడు.

"పాలు నేలపాలు, సూపు మంచుపాలు," అన్నాడు అర్మాన్. "ఇంక మనం దేవుడిపాలు."

"నువ్వు నోరుమూసుకో," అంది ఒడెట్.

"మూసుకుంటా. తినడానికేమైనా పెడితే అసలు తెరవను."

రెమీ అప్పుడు తల ఎత్తాడు. "సూపు మంచుపాలేమిటి?"

అర్మాన్ చేత్తో కిటికీ వైపు చూపించాడు. రెమీ వెళ్లి చూసి వచ్చి, బల్ల దగ్గర కూలబడ్డాడు.

"నొయెమీ, ఇలా అయితే ఎలా చెప్పు?"

"ఎలా అయితే?"

"అమ్మ నీకోసం ఎంత చేస్తోందో చూస్తున్నావా? వేరే గిన్నె, వేరే చెంచా, వేరే అర. పండక్కి పంది కాళ్ల కూర నువ్వు ముట్టవని మానేస్తానంది కూడా."

"మానెయ్యమని నేను అడగలేదు. నా గిన్నెలో చెయ్యి పెట్టొద్దన్నాను. అంతే."

"అమ్మ గరిటె తిప్పింది ఇవాళ. పరీక్ష చేసింది పోయిన వారం. అంకె పెరిగింది గరిటెతో కాదుగా," అని రెమీ ఒక్క క్షణం ఆగాడు. "కోపం తెచ్చుకోకు. క్రిస్మస్‌కి మీ అక్క ఇంట్లో రొట్టె గానీ తిన్నావా? నోరు కట్టుకోలేక ఒక్క ముక్క... తిన్నా ఎవరూ ఏమనరు. చెప్పు."

నొయెమి అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. అంకెలు చూసి డాక్టరమ్మ అడిగిందంటే అర్థముంది. పక్కలో పడుకునే మనిషి అడిగాడు. కడుపులో బిడ్డని పెట్టుకుని దొంగతనంగా రొట్టె తిన్నావా అని అడిగాడు.

"తినలేదు," అంది.

"సరే."

"ఆ 'సరే' ఏంటి? నమ్మినట్టా, నమ్మనట్టా?"

పొయ్యిలో కట్టె ఒకటి ఒరిగింది. బయట గాలి ఇంటిచుట్టూ తిరుగుతోంది. వెళ్లిపోదామంటే రోడ్డే లేదు. గదిలోకి పోదామంటే పైగదులు గడ్డకట్టుకుపోయి ఉన్నాయి. కరెంటు పోయిన దగ్గరనుంచీ నలుగురూ ఈ వంటింట్లోనే తింటున్నారు, ఇక్కడే పడుకుంటున్నారు, ఇక్కడే అలుగుతున్నారు. ఏడ్వాలన్నా నలుగురి ముందే ఏడ్వాలి. అందుకని నొయెమి ఏడవలేదు.

చివరికి ఒడెట్టే లేచింది.

"ఇలా రా అమ్మాయ్. కొత్తగా వండుదాం. నువ్వు నా పక్కనే నిలబడు. నేను వేసే ప్రతి గింజా చూడు. అప్పుడైనా నీ అనుమానం తీరుతుందేమో."

"అనుమానం కాదత్తయ్యా."

"ఏదో ఒకటి. ముందు గిన్నె కడుగు, నీ చేత్తోనే కడుగు."

నొయెమి వేడినీళ్లతో గిన్నె రుద్ది రుద్ది కడిగింది. కొత్త గరిటె తీసింది. ఒడెట్ మంచులో పాతిపెట్టిన కోడిని తవ్వి తెచ్చి ముక్కలు కొట్టింది. ఉల్లిపాయలు పందికొవ్వులో వేగాయి. టర్నిప్పు, క్యారెట్, బంగాళాదుంపలు నొయెమి తరిగింది. వేసవిలో ఎండబెట్టిన పెద్ద చిక్కుడు గింజలు, రాత్రి నానబోసినవి, ఉండనే ఉన్నాయి. ఉప్పులో ఊరేసిన ఆకుల సీసా ఒడెట్ మూత తీసి కోడలి ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన చూడు. ఉల్లికాడలు, పార్స్‌లీ, ఉప్పు. మా తోటలోవే. ఇందులో గోధుమ ఎక్కడైనా కనిపిస్తోందా?"

"లేదత్తయ్యా."

"బార్లీ?"

"లేదు," అని నొయెమి నవ్వేసింది. చాలా రోజుల తరువాత ఆ వంటింట్లో నవ్విన నవ్వు అది.

ఒడెట్ మొహం కూడా విప్పారింది. "నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నన్ను సూపులో ఉప్పు వెయ్యనిచ్చేది కాదు తెలుసా? కూరలు తరగాలి నేనే, అంట్లు తోమాలి నేనే. ఉప్పు మాత్రం ఆవిడ చెయ్యే. ఆవిడ మంచాన పడ్డాక మొదటిసారి వేశాను. పట్టరాని సంతోషంతో వేసి వేసి ఉప్పు కషాయం చేశాను."

"నేను తిన్నాను. బతికే ఉన్నాను," అన్నాడు అర్మాన్.

"నీకు ఏది పెట్టినా బతుకుతావు."

రెమీ కూడా నవ్వాడు. కోడి ఉడుకుతున్న వాసనకి వంటిల్లు మెత్తబడింది. నొయెమి గిన్నెలోకి తొంగిచూసింది. కొవ్వు పైకి తేలి మెరుస్తోంది. ఆకలికి కడుపు నకనకలాడింది. వీళ్లు చెడ్డవాళ్లు కారు, నేనే ఊరికే బెదిరిపోతున్నానేమో అనుకుంది. గరిటె కారణమే అయి ఉంటుంది, ఇకమీదట జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది.

"పల్చగా ఉంది," అంది ఒడెట్, గరిటెతో తీసి పైనుంచి జారవిడుస్తూ.

"రెండు దుంపలు తీసి మెదిపి మళ్లీ కలుపుతానత్తయ్యా. చిక్కబడుతుంది. గింజలు కూడా కొన్ని చిదిపితే ఇంకా బావుంటుంది."

"మెదుపు మెదుపు."

నొయెమి దుంపలు పళ్లెంలోకి తీసుకుని చెంచాతో మెదుపుతోంది. ఒడెట్ పై అరమీద చెయ్యిపెట్టి, లవంగాల డబ్బా పక్కనున్న సీసా దించి, మూత తీసి, చెంచాడు గోధుమరంగు పొడి సూపులో చల్లి, తిప్పింది. దాపరికం ఏమీ లేదు. ఉప్పు చల్లినట్టే చల్లింది.

నొయెమి చేతిలో చెంచా ఆగింది.

"అదేంటత్తయ్యా?"

"ఏది?"

"ఆ పొడి. దాల్చినచెక్కా?"

"సూపులో దాల్చినచెక్క ఎవరేస్తారు? వేయించిన పిండి."

"ఏ పిండి?"

"ఏ పిండేంటి, పిండి. చలికాలం మొదలవకముందే నల్లగా వేయించి సీసాలో పోసుకోమూ? మీ పట్నంలో వేయించరేమో గానీ, ఇక్కడ అది లేకపోతే ఏ కూరకీ రంగు రాదు, చిక్కదనం రాదు."

"గోధుమ పిండి."

"గోధుమ పిండే. కానీ వేయించింది," అంది ఒడెట్ ఓపిగ్గా, పసిపిల్లకి చెప్పినట్టు. "పచ్చి పిండి నీకు పడదు, నాకు తెలుసు. నేనేమన్నా తెలివితక్కువదాన్నా? ఇది మాడేదాకా వేగింది. అందులో ఉన్న పాడు ఎప్పుడో కాలిపోయింది. మా అత్తగారు కడుపునొప్పి పిల్లలకి ఈ పిండితోనే జావ కాచి పోసేది. రొట్టె అరగని పిల్లలు కూడా ఆ జావ తాగి లేచి తిరిగేవాళ్లు. తరతరాలుగా చూస్తున్నదే."

నొయెమి గిన్నెలోకి చూసింది. గిన్నెలో పొడి ఉండలు కట్టకుండా కరిగిపోయింది. సూపు చూస్తుండగానే తేనెరంగుకి తిరిగింది. ఆ రంగు ఆమెకి బాగా తెలుసు. రోజూ ఆ రంగు చూసే తింటోంది. ఎముక బాగా ఉడికితే వచ్చే రంగనుకుంది.

"ఎప్పట్నించి వేస్తున్నారు?"

"నువ్వొచ్చిన దగ్గర్నించీ. ఒక్క చెంచాయేలే. నీ సూపు చూస్తే అంట్లు కడిగిన నీళ్లలా ఉండేది. అది తాగి బిడ్డ ఎలా పెరుగుతుంది? ఇది వెయ్యడం మొదలెట్టాకేగా నువ్వు గిన్నె ఖాళీ చేస్తున్నది. అత్తయ్యా, ఎంత బావుందో అన్నావు నువ్వే."

అన్నది. నిజమే. ఆ రాత్రే కడుపు మెలిపెట్టి తెల్లార్లూ కూర్చుంది కూడా. అది కడుపుతో ఉన్నవాళ్లకి మామూలేనని ఒడెట్ వీపు నిమిరింది.

"అత్తయ్యా, అది కాలిపోదు. వేయించినా పోదు, ఉడికించినా పోదు."

"నీకెవరు చెప్పారు?"

"డాక్టరమ్మ చెప్పింది. రొట్టె కాల్చిందే కదా? మరి కాల్చిన రొట్టె నేనెందుకు తినట్లేదు?"

"రొట్టె వేరు, ఇది వేరు," అంది ఒడెట్. కానీ గొంతులో ఇందాకటి ధీమా కొంచెం తగ్గింది.

నొయెమి మొగుడి వైపు తిరిగింది. ఇంతసేపూ అతను ఒక్క మాటైనా అనలేదని అప్పుడు తట్టింది. అదేమిటి అని అడగలేదు. అయ్యో అని లేవలేదు. బల్లమీద తన చేతులు తను చూసుకుంటున్నాడు.

"రెమీ. నీకు తెలుసా?"

"నొయెమీ, కూర్చో ముందు."

"తెలుసా, తెలియదా?"

"నువ్వు చిక్కిపోతుంటే చూడలేక... నేనే అమ్మనడిగాను, కాస్త బలం పట్టేలా ఏమైనా వెయ్యమని. వేయించిందైతే ఫరవాలేదంది అమ్మ. చిన్నప్పుడు నాకూ పోసింది. నేను నమ్మాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తినవని."

అర్మాన్ చెంచా బల్లమీద బోర్లించి పెట్టి పొయ్యి వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మరి ఇందాక అడిగావే," అంది నొయెమి, గొంతు పెంచకుండానే. "మీ అక్క ఇంట్లో రొట్టె తిన్నావా అని అడిగావే. నా గిన్నెలో పిండి పడుతోందని తెలిసుండే అడిగావు కదా రెమీ."

"అది పిండి లెక్కలోకి వస్తుందని నేననుకోలేదు."

"నేను దొంగతిండి తినుంటానని మాత్రం అనుకున్నావు."



నొయెమి గిన్నె ఎత్తింది. ఈసారి మంచులో పోయలేదు, ఆ సూపుని బార్లీ సూపున్న పెద్ద గిన్నెలోకి వంపేసింది. ఖాళీ గిన్నెని మళ్లీ వేడినీళ్లు పోసి, బూడిద వేసి, చేతులు ఎర్రబడేదాకా తోమింది. బుట్టలోంచి దుంపలూ ఉల్లిపాయా ఏరి ఆ గిన్నెలో వేసుకుంది. ఉప్పు ఆకుల సీసా చంకలో పెట్టుకుంది. దుప్పటి భుజాన వేసుకుంది. కట్టెలు రెండో చేత్తో పట్టినన్ని తీసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు రెమీ లేచి.

"వేసవి వంటింట్లోకి."

"పిచ్చా నీకు? అందులో నీళ్లు గడ్డకట్టుకుంటాయి."

"అందులో పిండి లేదు."

వేసవి వంటిల్లు ఇంటికి వెనకవైపు ఆనుకుని ఉన్న చెక్క గది. ఎండాకాలంలో ఇల్లు వేడెక్కకుండా వంట అక్కడ చేస్తారు, చలి మొదలవగానే మూసేస్తారు. నొయెమి లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. గోడల్లో మేకుల తలలమీద మంచు పొర కట్టి ఉంది. మూలనున్న చిన్న ఇనప పొయ్యి ముందు పొగ చిమ్మి సతాయించింది, తరువాత అంటుకుంది. కళ్లు మండి నీళ్లు కారాయి. పొగ వంక పెట్టుకుని ఆమె తనివితీరా ఏడ్చింది.

రెమీ వచ్చి తలుపు తట్టాడు. "తప్పయింది. తలుపు తియ్యి," అన్నాడు. కాసేపయ్యాక "బిడ్డకి చలి తగులుతుంది నొయెమీ," అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కొంతసేపు నిలబడి వెళ్లిపోయాడు.

దుంపలు ఉడికాయి. ఉల్లిపాయ, ఉప్పు ఆకులు, నీళ్లు, అంతే. సగం దుంపలు గిన్నెలోనే మెదిపేసింది. చిక్కగా, తెల్లగా వచ్చింది. తేనెరంగు లేదు. చలికి కొంకర్లు పోయిన చేతులతో తన అరలోంచి తెచ్చుకున్న పింగాణీ గిన్నెలోకి పోసుకుని పొయ్యి ముందు కూర్చుంది. ఎవరి చెయ్యీ పడని తిండి. ఎవరి ప్రేమా పడని తిండి. మొదటి చెంచా గొంతులోకి దిగుతుంటే కడుపులో బిడ్డ కదిలింది. "తిను," అంది నొయెమి బిడ్డతో. "ఇది మనదే, భయపడకు."

గోడ అవతల ఒడెట్ గొంతు వినిపించింది. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. గోడ పల్చన, ఒక్కో మాటా ఇవతలికి వచ్చేస్తోంది.

"క్లినిక్కేనా? నర్సమ్మా, నువ్వే చెప్పు మా కోడలికి. వేయించిన పిండి సంగతి... ఆఁ, గోధుమే. కానీ నల్లగా వేగింది... కాదమ్మా, మామూలుగా కాదు, కాఫీపొడి రంగు వచ్చేదాకా..." అంటోంది, గెలవబోతున్న మనిషిలాగా.

తరువాత మాటలు తగ్గాయి.

"పోదా?"

మళ్లీ ఆగి, "ఎంత వేయించినా?"

ఇంకా ఆగి, "ఒక్క చెంచా అయినా?"

ఆ తరువాత అవతల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆవిడ వింటోందో, ఫోను పెట్టేసిందో తెలియలేదు. నొయెమి తింటూనే ఉంది. మనసులో ఎక్కడో కాస్త ఊరటగా కూడా ఉంది. తెలిసింది కదా. ఇప్పటికైనా తెలిసింది కదా.

అడుగులు తలుపు దగ్గరికి వచ్చాయి. రెమీవి కావు. తట్టలేదు. తలుపుకి ఆనుకుని ఒళ్లు జారబడి కింద కూర్చున్న చప్పుడు.

"అమ్మాయ్."

నొయెమి ఇంకో చెంచా ముంచింది.

"తలుపు తియ్యమని అడగను. తియ్యకు. ఒక్క మాట విను చాలు." ఒడెట్ గొంతు గుర్తుపట్టరాకుండా ఉంది. "ఆ నర్సు నన్ను అడిగింది. పిండి ఎందులో వేయించారు, ఆ పాత్రలో ఇంకేమైనా వండుతున్నారా అని."

చెంచా నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఆ గిన్నెలోనే అమ్మా. నీ గిన్నెలోనే. మా అత్తగారి కాలంనుంచీ ఏటా అందులోనే వేయిస్తాం. ఇనుము ఆ పిండిని పీల్చుకుని నల్లబడితేనే మంచి గిన్నె అనేది ఆవిడ. ఇంట్లో ఉన్నవాటిల్లోకి అదే మంచిదని నీకిచ్చాను. ఎంత కడిగినా ఇనుములోంచి పోదట. నాకు తెలియదు తల్లీ. దేవుడిమీద ఒట్టు, నాకు తెలియదు."

పొయ్యిమీద గిన్నె పిడికి ఎర్ర ఊలు ముడి, ఒకవైపు సెగకి కమిలి, వేలాడుతోంది.

"అందులో వండిందేమీ తినకు. ఎదురింటివాళ్ల అల్యూమినియం గిన్నె రెమీ నడిచివెళ్లి తెస్తానంటున్నాడు. అంతవరకూ ఓర్చుకో. నొయెమీ, వింటున్నావా?" ఒడెట్ తలుపుని అరచేత్తో మెల్లిగా రాసింది. "ఇంకా ఏమీ తినలేదుగా?"

నొయెమి ఒళ్లో ఉన్న పింగాణీ గిన్నెలోకి చూసింది. అడుగున ఒక్క దుంప ముక్క మిగిలి ఉంది.